ఉప్పు వేసిన ఐసు

ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడన్న మాటే గానీ, పెళ్ళానికి ఐసు పెట్టడం మాత్రం అతనికి చేతకాదని తోటివాళ్ళంతా నవ్వేవారు. నిజమే. ఆమె కొత్త బట్టలు కట్టుకుంటే బావున్నాయని ఒక్కసారైనా అన్న పాపాన పోలేదు. బదులుగా సాయంత్రం పని దిగి వచ్చేటప్పుడు గుప్పిట్లో ఒక ఐసు ముక్క దాచి తెచ్చేవాడు. ఇంటికి నడిచొచ్చేసరికి అది కరిగి కరిగి గోళీకాయంత మిగిలేది. ఆమె అతని వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి దాన్ని తీసుకుని నోట్లో వేసుకునేది. పొద్దున్నించీ కుట్టుమిషను ముందు కూర్చుని నడుం విరిగిన మనిషికి అంతకన్నా పొగడ్త అక్కర్లేదు.

ఫ్యాక్టరీలో అతని పని డబ్బాలు ఎత్తడం. పెద్ద తొట్టెలో ఉప్పునీళ్ళు, వాటిలో మునిగి మంచినీళ్ళు పోసిన ఇనప డబ్బాలు. ఉప్పునీళ్ళు ఎంత చల్లబడినా తాము గడ్డకట్టవు, మధ్యలో ఉన్న మంచినీళ్ళని మాత్రం రాయి చేసి వదులుతాయి. ఆ రాళ్ళే రేవులో చేపల పడవలకెక్కుతాయి. పడవవాళ్ళు అతని చేతి ఐసే కావాలని అడిగేవారు. పగలగొట్టి, ఉప్పు చల్లి, పొరలు పొరలుగా పేర్చి గోనె కప్పితే అతని ఐసు ఎండలో కూడా బెట్టుగా కూర్చునేది. నీరు కారే ఐసంటే అతనికి ఒళ్ళు మంట. "కారుతోందంటే పెట్టినవాడికి పని రాదన్నమాట" అనేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఐసు విషయంలో ఎవరు ఏం చెప్పినా చెవికెక్కదు.

ఆమెకి ఐదో నెలలో ఆసుపత్రిలో రక్తం తీశారు. అందరికీ తీస్తారు, ఆమెకీ తీశారు. తర్వాతిసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ తలుపు దగ్గరగా వేసి, కుర్చీ చూపించింది. తలుపు వేసి చెప్పే కబురు మంచిది కాదని ఆమెకి కూర్చోకముందే తెలిసిపోయింది.

"నీ రక్తంలో హెపటైటిస్ బి ఉందమ్మా. కామెర్ల జాతి జబ్బు. కాలేయంలో కాపురం పెడుతుంది."

"నాకు ఏనాడూ కామెర్లు రాలేదండీ. జలుబు కూడా చెయ్యదు."

"ఏళ్ళ తరబడి కిక్కురుమనకుండా పడి ఉంటుంది. మీ అమ్మగారు ఉన్నారా?"

లేదు. ఆమె బడికి పోయే రోజుల్లోనే అమ్మ పోయింది. కాళ్ళూ చేతులూ పుల్లలైపోయి, పొట్ట మాత్రం నిండు చూలాలికి మల్లే ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చునేది. చూడ్డానికొచ్చిన ఓ ఆవిడ "ఎన్నో నెల?" అని అడిగి నాలిక కరుచుకుంది. అమ్మ నవ్వింది. కాలేయం చెడిందన్నారు గానీ ఎందుకు చెడిందో ఎవరూ చెప్పలేదు.

"అక్కణ్ణుంచే వచ్చుంటుంది" అంది డాక్టరమ్మ. "పుట్టేటప్పుడు తల్లి రక్తం తగిలి బిడ్డకి అంటుతుంది. పెద్దయ్యాక అంటుకుంటే చాలామందిలో ఒళ్ళే దాన్ని తరిమేస్తుంది. పసిగుడ్డుకి అంటితే ఇక పోదు. పెద్దయ్యేకొద్దీ కాలేయాన్ని తింటుంది."

ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "మరి దీనికి?"

"ఆపొచ్చు. పుట్టగానే రెండు సూదులు పడాలి. ఒకటి టీకా. ఇంకోటి తయారుగా ఉన్న రక్షణ, టీకా పనిచేసేదాకా కాపు కాస్తుంది. రెండూ సరిగ్గా పడితే చాలామంది పిల్లలు తప్పించుకుంటారు. మాకేమో ఫ్రిజ్ చెడిపోయి కూర్చుంది, నీ రక్తంలో అది ఎంత ఉందో చూసే యంత్రం కూడా లేదు. నొప్పులు మొదలవగానే మీ ఆయన్ని పెద్ద మందుల షాపుకి పంపించు. నేను చెప్పి ఉంచుతాను, చల్లటి పెట్టెలో పెట్టి ఇస్తారు. అది ఒక్కటి మాత్రం మర్చిపోకండి."

మర్చిపోవడమా. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమె, భర్త, అత్తగారు ముగ్గురూ ఆ రెండు సూదుల మీదే బతికారు.

భర్త మర్నాడే వెళ్ళి తన రక్తమూ, వాళ్ళమ్మ రక్తమూ చూపించాడు. ఇద్దరికీ లేదన్నారు, టీకాలు వేశారు. ఫ్యాక్టరీలో కనబడ్డ ప్రతివాడికీ పరీక్ష చేయించుకోమని చెప్పడం మొదలుపెట్టాడు. బళ్ళకి ఐసెక్కించే బస్తా మీదైతే పడ్డాడు. బస్తా అతని పేరు కాదు, మనిషి ఆకారం. "నువ్వు రేపు పెళ్ళి చేసుకుంటావు కదరా, మీ ఆవిడకి కడుపొస్తే మొట్టమొదట ఈ పరీక్ష చేయించు" అన్నాడు. "ముందు పెళ్ళి కానీ అన్నా, నువ్వు అప్పుడే పురుడు దాకా వెళ్ళిపోయావు" అని బస్తా నవ్వాడు.

అత్తగారు మాత్రం కోడలి గ్లాసు వేరు చేసింది, కంచం వేరు చేసింది. కలిసి తింటే అంటదని కొడుకు నెత్తీ నోరూ బాదుకున్నా వినలేదు. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. కోడలికి కాళ్ళు వాస్తే తనే కూర్చుని పట్టేది. కాకపోతే భయం, భయపడ్డ మనిషి నోరు ఊరుకోదు. ఒక రోజు కాళ్ళు పడుతూనే అంది. "మీ అమ్మ నీకు రాసిచ్చిన ఆస్తి ఇదేనా అమ్మాయ్? ఇప్పుడు నా మనవలకి పంచుతావా?"

కోడలు కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది ఆ మాట.

నొప్పులు మధ్యాహ్నం మొదలయ్యాయి. ఆమెని ఆసుపత్రిలో దింపి అతను ఫ్యాక్టరీ వ్యాన్‌లో మందుల షాపుకి పరిగెత్తాడు. ఎంతకీ రాడు. వరండాలో పచార్లు చేసి చేసి అత్తగారికి కాళ్ళు పీకుతున్న వేళకి వచ్చాడు. చంకలో థర్మోకోల్ పెట్టె, చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఇంతసేపా?" అంది అత్తగారు.

"ఫ్యాక్టరీకి వెళ్ళొచ్చానమ్మా. ఆ షాపాయన పెట్టిన ఐసు ప్యాకులు చూస్తే ఏడుపొచ్చింది. చెమటలు కారుతున్నాయి, ఊపితే లోపల నీళ్ళు గలగలమంటున్నాయి. అదేమని అడిగితే అలాగే ఉండాలి, మూత తియ్యొద్దు, ప్యాకులు మార్చొద్దు అంటాడు. పెట్టడం చేతకానివాళ్ళు చెప్పే మాటలే అవి. అవి తీసి అవతల పారేసి, మన ఐసు పగలగొట్టి, రెండు గుప్పిళ్ళు ఉప్పేసి, సూదిమందు సీసాలు నడిమధ్యన పెట్టాను. ఇప్పుడు రెండ్రోజులున్నా కదలదు."

తలుపు ఓరగా తీసే ఉంది. నొప్పికీ నొప్పికీ మధ్య ఆమెకి ఆ మాటలన్నీ వినబడ్డాయి. పక్క మంచం మీద ఉన్నావిడ భర్త జాడే లేదు. తన భర్త తన బిడ్డ కోసం చేతులు కందిపోయేలా ఐసు పేర్చుకొచ్చాడు. ఆమెకి గర్వంగా అనిపించింది. ఆ గర్వాన్ని పట్టుకునే మిగతా నొప్పులన్నీ భరించింది.

ఆడపిల్ల పుట్టింది. నర్సు తలుపులోంచి చెయ్యి చాపి "సూదులు, తొందరగా" అంది. అతను పెట్టె తెరిచాడు. సీసాలు ఐసులో అతుక్కుపోయి ఉన్నాయి, లోపల మందు తెల్లటి రాయిలా బిగిసి ఉంది. అతనికి అదేమీ తప్పుగా తోచలేదు. రాయిలా ఉందంటే పని బాగా జరిగిందనే అతని లెక్క. రెండు సీసాలనీ అరచేతుల మధ్య పెట్టుకుని రాపాడించాడు, నోటి ఆవిరి ఊదాడు, చంకలో దోపుకున్నాడు. నీరయ్యాక నర్సుకిచ్చాడు. "చల్లగా ఉంచావా?" అని అడిగింది నర్సు. "ఇంతకన్నా చల్లగా ఎవరూ ఉంచలేరు సిస్టర్" అన్నాడు. అవతల ఇంకొకావిడ కేకలు పెడుతోంది. నర్సు సీసాల మీద పేర్లు చూసుకుని, సూదుల్లోకి లాగి, పిల్ల తొడల మీద చెరొక పక్కా వేసేసింది.

మంచం మీంచి ఆమె ఇదంతా చూసింది. తన కూతురి మందుని భర్త ఊపిరితో వెచ్చబెట్టడం. ఆ తర్వాత చుట్టాలకీ, కుట్టించుకోవడానికొచ్చేవాళ్ళకీ ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆమె కళ్ళు చెమర్చేవి.

పిల్ల ముద్దగా, గుండ్రంగా తయారైంది. బస్తా దానికి బుడంకాయ అని పేరు పెట్టాడు. పాకడం వచ్చాక సాయంత్రం తండ్రి గుప్పిట విప్పే పని అది లాక్కుంది. వేళ్ళు పట్టి పీకి, ఐసు ముక్క కనబడగానే కేరింత కొట్టి, నాలికతో తాకి, ఒళ్ళంతా జలదరించి, మళ్ళీ తాకేది. ఆ కేరింతకి అత్తగారు కూడా నవ్వేది. మిగతా టీకాలు ఏ వేళకి ఆ వేళకి వేయించారు. ఇక చివరి రక్తపరీక్ష ఒక్కటి మిగిలింది. "దానికేముంది, ఆ రోజు ఐసు పెట్టింది నేను" అనేవాడు అతను.

పరీక్షలో ఉందని వచ్చింది.

డాక్టరమ్మ మళ్ళీ తలుపు దగ్గరగా వేసింది. చెయ్యాల్సినవన్నీ చేశారు, అయినా కొద్దిమంది పిల్లల్లో ఆగదు, తల్లి రక్తంలో మరీ ఎక్కువగా ఉంటే అలా జరుగుతుంది అని చెప్పింది. పిల్లకి ఇప్పుడు ఏ బాధా ఉండదంది. జీవితాంతం పరీక్షలు చేయిస్తూ ఉండాలంది. ఒడిలో బుడంకాయ డాక్టరమ్మ మెడలోని గొట్టం అందుకోవాలని చూస్తోంది. దాని చిట్టి పొట్ట పాలు తాగి ఉబ్బి ఉంది. ఆ పొట్ట వైపు ఆమె చూడలేకపోయింది.

ఇంటికొచ్చాక భర్త "మనవైపు నుంచి ఏ లోటూ చెయ్యలేదు, నువ్వు దిగులు పెట్టుకోకు" అన్నాడు. ఓదార్పే అది. కానీ ఏ లోటూ లేకపోయినా ఇలా అయ్యిందంటే లోటు ఎవరిలో ఉన్నట్టు? అత్తగారు రెండు రోజులాగి, పిల్ల తల నిమురుతూ, ఎవరితోనూ కానట్టు అంది. "పంచేసింది. అమ్మమ్మ ఆస్తి మనవరాలికి చేరింది."

కోడలు ఒప్పుకుంది. ఎంతమంది పిల్లల్నో కాపాడిన మందులు తన రక్తం ముందు ఓడిపోయాయంటే తన రక్తం ఎంత చెడ్డదో అనుకుంది. పిల్లకి ముద్దు పెట్టబోయి ఆగిపోయేది. పాలివ్వొచ్చని డాక్టరమ్మ చెప్పినా భయపడుతూ ఇచ్చేది.

తట్టు టీకా వేళయిందంటే పిల్లని తీసుకుని వెళ్ళింది. టీకాల సిస్టరు ఫ్రిజ్‌లోంచి ఐసు ప్యాకులు తీసి బల్ల మీద వరసగా పేర్చి, చేతులు కట్టుకుని కూర్చుంది. ఊరికే కూర్చుంది. తల్లులు గొణగడం మొదలుపెట్టారు.

"వాటికి చెమట పట్టేదాకా మేం ఇక్కడ చెమటలు కక్కాలా సిస్టర్?" అంది ఒకావిడ.

"కక్కాలి. చెమట పట్టందే పెట్టెలో పెట్టను" అంది సిస్టరు. ఒక ప్యాకు తీసి చెవి దగ్గర ఆడించి చూసింది. "లోపల నీళ్ళు కదిలిన చప్పుడు రావాలి. అప్పటిదాకా అది మరీ చల్లన. పక్కన పెట్టిన మందుని గడ్డకట్టించేస్తుంది. కొన్ని మందులు ఒక్కసారి గడ్డకట్టాయంటే చచ్చినట్టే. కామెర్ల సూది అయితే మరీ."

ఆమె ఒడిలో పిల్లని గట్టిగా పట్టుకుంది. "గడ్డకట్టినా మళ్ళీ కరిగిస్తే?" అని అడిగింది.

"కరిగితే నీళ్ళలా కనిపిస్తుంది. అదే ముప్పు. చూసి పోల్చడం కష్టం, అందుకని వేసేస్తారు. వేయించుకున్నాం కదా అని తల్లీ నిశ్చింతగా ఉంటుంది. లోపల మాత్రం ఏమీ ఉండదు. అలాంటిది నా చేతికొస్తే అవతల పారేస్తాను."

అరచేతుల మధ్య రాపాడుతున్న రెండు సీసాలు, వాటి మీద ఊదుతున్న పెదవులు, 'ఇంతకన్నా చల్లగా ఎవరూ ఉంచలేరు' అన్న మాట. ఇన్నాళ్ళూ ఆమె కళ్ళు చెమర్చేలా చెప్పుకున్నది ఈ కథే.

ఇంటికి నడుస్తూ ముందు ఆమెకి కలిగింది బాధ కాదు, ఊరట. నా రక్తం ఒక్కటే కాదు అన్న ఊరట. ఆ వెంటనే దానికి సిగ్గుపడింది. తర్వాత కోపం వచ్చింది. మూత తియ్యొద్దని మనిషి నోరు తెరిచి చెప్పినా ఎందుకు తీశాడు? ఆ రెండు గుప్పిళ్ళ ఉప్పు వెయ్యకుండా ఉంటే ఏం పోయేది? గుమ్మంలో అడుగుపెట్టేసరికి అతను పిల్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉన్నాడు. గుప్పిట మూసి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతూ. ఆమె కోపం ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

చెప్పలేదు. మింగలేక కక్కలేక రోజులు గడిపింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, పడేది తన కాళ్ళ మీద కాదు, అతని మీద. చెబితే పిల్ల రక్తం మారదు. అతను మారిపోతాడు. అత్తగారి మాటలు ఎలాగూ అలవాటే, ఇంకొన్నాళ్ళు పడితే ఏం పోయింది అనుకుంది. గట్టిగానే అనుకుంది.

ఆ గట్టితనం బస్తా తలుపు కొట్టేదాకా ఉంది.

సాయంత్రం, అప్పుడే దీపాలు వేశారు. బస్తా రొప్పుతూ వచ్చాడు. అతనికీ పెళ్ళయింది, భార్యకి నెలలు నిండాయి. అన్న చెప్పాడు కదా అని పరీక్ష చేయిస్తే ఆ అమ్మాయికీ ఉందని తేలింది. బస్తా ఇన్నాళ్ళూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నోట్లో నువ్వుగింజ నాననివాడు ఇంత గుట్టు ఎలా దాచాడో దేవుడికే తెలియాలి.

"నొప్పులొచ్చాయి అన్నా. ఆసుపత్రిలో దింపొచ్చాను. ఆ సూదులు నువ్వే తెచ్చి పెట్టాలి. ఐసు నువ్వు పెట్టినట్టు ఎవరు పెడతారు?"

భర్త అప్పటికే లేచాడు. ముఖంలో ఒక వెలుగు. పిల్ల పరీక్ష తర్వాత ఆమె ఆ వెలుగు చూడలేదు. "పదరా. మాకు కలిసిరాలేదు గానీ నీకు కలిసొస్తుంది. షాపు నుంచి నేరుగా ఫ్యాక్టరీకి పోదాం. అమ్మా, ఆ ఉప్పు డబ్బా ఇటివ్వు, ఫ్యాక్టరీలో గళ్ళుప్పు మురికిగా ఉంది."

"షాపాయన ప్యాకులు మార్చొద్దంటాడు కదండీ. ఈసారి ఆయన ఇచ్చినట్టే తెండి" అంది ఆమె.

"ఆయనకేం తెలుసు ఐసు సంగతి" అని అతను నవ్వి, అత్తగారు అందించిన డబ్బాలోంచి ఉప్పు గుప్పిట్లోకి తీసుకుని కాగితంలో పొయ్యబోయాడు.

ఆమె మిషను దగ్గర నుంచి లేచి నిలబడింది. "ఉప్పు వెయ్యకండి."

"ఏం?"

"మన పిల్లకి అందుకే వచ్చింది."

ఆ మాట తర్వాత ఆపడం కుదరలేదు. సిస్టరు చెప్పిందంతా చెప్పింది. చెమట పట్టిన ప్యాకులు ఎందుకు చెమట పట్టాలో, గడ్డకట్టిన మందు ఏమవుతుందో, కరిగితే ఎలా కనబడుతుందో. గొంతు పెంచకుండా, అతని ముఖం కేసి చూడకుండా చెప్పింది. బస్తా ఒకసారి అన్న వైపు, ఒకసారి వదిన వైపు చూస్తున్నాడు. అత్తగారు ఉప్పు డబ్బా మూత చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

అతను వాదించలేదు. వాదిస్తే బావుండేది. ఐసు గురించి తెలిసినవాడు కదా, చెప్పడం పూర్తికాకముందే అర్థమైపోయింది. ఉప్పు కలిస్తే ఐసు ఎంత చల్లబడుతుందో, మధ్యలో పెట్టినదాన్ని ఏం చేస్తుందో అతనికి తెలిసినట్టు ఆ ఇంట్లో ఇంకెవరికి తెలుసు? గుప్పిట తెరిచి ఉప్పు కేసి చూశాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొన్న టీకాకి వెళ్ళినప్పుడు."

"తెలిసి కూడా మొన్నటినుంచీ అమ్మ చేత మాటలు పడుతున్నావా?"

అతను ఉప్పుని జాగ్రత్తగా డబ్బాలో పోసేసి, చెయ్యి చొక్కాకి తుడుచుకుని, బస్తా భుజం మీద తట్టాడు. "పద. పెట్టె వాళ్ళిచ్చినట్టే తెద్దాం. మూత నేను ముట్టుకోను, నువ్వే పట్టుకో."

వాళ్ళు వెళ్ళాక అత్తగారు చాలాసేపు గోడవైపు తిరిగి కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆవిడకి తిట్టడానికి ఒక మనిషి ఉంది. ఇప్పుడు తిట్టాలంటే కొడుకుని తిట్టాలి. కాసేపటికి లేచి, కోడలి గ్లాసు తెచ్చి మిగతా గ్లాసుల వరసలో పెట్టింది. పెట్టి, ఏడవడం మొదలుపెట్టింది. ఆ గ్లాసు అక్కడ చేరినందుకు కోడలికి ఏ సంతోషమూ కలగలేదు.

అతను మర్నాడు పని దిగాకే ఇంటికొచ్చాడు. ఆసుపత్రి నుంచి అటే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడట.

"మగపిల్లాడు. సూదులు పడ్డాయి. దారి పొడుగునా పెట్టె కారుతూనే ఉంది, బస్తాగాడి ఒళ్ళంతా తడిసిపోయింది" అని చెప్పి గుమ్మంలో కూర్చున్నాడు.

తండ్రి గొంతు వినగానే బుడంకాయ గబగబా పాక్కుంటూ వెళ్ళి ఒడిలోకెక్కి, మోకాలి మీద ఉన్న చేతిని పట్టుకుంది. గుప్పిట మూసే ఉంది. పిల్ల తన అలవాటు ప్రకారం మొదట బొటనవేలు పీకింది, తర్వాత చూపుడువేలు, తర్వాత మిగతావి. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అన్ని వేళ్ళూ విప్పాక అది అరచేతిలోకి తొంగి చూసింది. అందులో ఏమీ లేదు. పిల్ల అతని ముఖంలోకి చూసి, రెండో చెయ్యి వెతుక్కుంది.